సగం చూసిన 'ఆదిత్య 369'

మా అమ్మ 'ఆదిత్య 369' చిత్రాన్ని సగం చూసింది. మిగతా సగం చూడడానికి ముప్పై మూడేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. ఇందులో తప్పెవరిదని మా ఇంట్లో పెద్ద విచారణే జరిగింది. మొదటి ముద్దాయిని నేను. రెండో ముద్దాయి మా నాన్న. తీర్పు ఇంకా వెలువడలేదు గనక, సాక్ష్యాలన్నీ పాఠకుల ముందు పెడుతున్నాను.

సంగతేమిటంటే... 1991 జూలై 18న ఆ చిత్రం విడుదలయింది. అప్పటికి నాకు ఎనిమిది నెలలు. నాన్నకి వైజాగ్ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. 'గోదావరి' అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ అంతకు ముందు ఏడాదే, 1990లో, వెలిగింది. రెండోదాని పేరు 'కృష్ణ'. అదింకా తయారవుతోంది. ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేయడానికి ఇంకో ఏడాది వుంది. ఉక్కునగరం క్వార్టర్ల ముందు నాటిన మొక్కలు అప్పటికి మోకాలెత్తు కూడా లేవట. సినిమా చూడాలంటే స్కూటరెక్కి గాజువాక పోవాలి. మరీ మోజుంటే ఊళ్ళోకి, జగదాంబకి.

విడుదలైన రెండో ఆదివారం నాన్న సి-షిఫ్టు దిగి, పొద్దున్న ఆరున్నరకి ఇంటికొచ్చి, రెండు గంటలు కునుకు తీసి, మధ్యాహ్నం అమ్మనీ నన్నూ గాజువాకలో మ్యాట్నీకి తీసుకెళ్ళాడు. అక్క అప్పటికి అయిదేళ్ళది, విజయనగరంలో అమ్మమ్మ దగ్గర వుంది. నేను పుట్టాక అమ్మ చూస్తున్న మొదటి సినిమా అది. ఆ చిత్రానికి దూరదర్శన్ లో సాక్షాత్తూ చిరంజీవే ప్రచారం చేశారు. ఒక కథానాయకుడి చిత్రానికి ఇంకో కథానాయకుడు! ఇంక అమ్మ ఆగుతుందా?

అంతా బాగానే వుంది, యంత్రం కదిలేవరకూ. యంత్రంలో దీపాలు వెలిగి, ఆ చప్పుడు మొదలవగానే, నేనందుకున్నానట. అదేదో మామూలు ఏడుపు కాదు. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి "పిల్లాడ్ని బయటికి తీసుకెళ్ళమ్మా" అన్నాడట. అమ్మ లేచింది. నాన్న లేవలేదు. అప్పుడది ఎవరికీ వింతగా తోచలేదు. పిల్లాడు ఏడిస్తే తల్లి లేస్తుంది, అంతే!

ఆ తర్వాత సినిమా అంతా అమ్మ హాలు వరండాలో విన్నది. ఇళయరాజా పాటలు తలుపు సందులోంచి వచ్చేవి. జనం ఘొల్లున నవ్వితే ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. సోడాల దుకాణం దగ్గర్నించి బుకింగ్ కిటికీ దాకా, మళ్ళీ అక్కణ్ణించి వెనక్కి, నన్ను భుజాన వేసుకుని నడక. శుభం కార్డు పడి జనం బయటికొచ్చేసరికి నేను హాయిగా నిద్రపోతున్నానట.

స్కూటరు మీద రెండో సగం

"ఏటయింది తర్వాత?" అని అమ్మ అడిగింది. నాన్న స్కూటరు నడుపుతూ కథంతా చెప్పాడు. మా నాన్న కథ చెబితే వినాలి! యంత్రం రాయలవారి కాలానికి పోయిందట. అక్కడ రాయలవారి దగ్గర వజ్రం వుంది. ఆ వజ్రాన్ని ఆయన మన సింహాద్రి అప్పన్నకి కానుకిద్దామనుకున్నాట్ట. తర్వాత యంత్రం 2504వ సంవత్సరానికి పోయి, నేరుగా విశాఖపట్నంలో దిగిందట! సముద్రం పొంగి ఊరంతా మునిగిపోయి, డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కు మాత్రం నీళ్ళమీద కనిపిస్తోందట. ఓడలు గాజువాక సెంటర్లో లంగరు వేస్తున్నాయట. స్టీల్ ప్లాంటు భూమి అడుగున నడుస్తోందట. అయిదొందల ఏళ్ళయినా షిఫ్టు సైరను మారలేదట. కానిస్టేబుల్ సుత్తివేలుని గేటు దగ్గర ఆపి "పాసేదీ?" అన్నారట.

అమ్మ నవ్విన నవ్వుకి స్కూటరు ఊగిపోయిందని ఇప్పటికీ చెబుతారు. ఆ కథ మా సెక్టారులో అమ్మ చెప్పని ఇల్లు లేదు. విజయనగరంలో చుట్టాలకీ చెప్పింది. మాకు నిద్రపుచ్చే కథ కూడా అదే. నేను బళ్ళో కాంపోజిషన్ రాయమంటే గాజువాక సెంటర్లో ఓడల గురించి రాశాను.

తర్వాత టీవీలో ఆ చిత్రం ఎన్నిసార్లొచ్చిందో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా అమ్మ విశాఖపట్నం కోసం కాచుకు కూర్చునేది. కాసేపటికి కుక్కరు కూత పెట్టేది, లేకపోతే ఎవరో తలుపు తట్టేవారు, అదీ కాకపోతే కరెంటు పోయేది. ఆ ముక్క మాత్రం ఎప్పుడూ కంట పడలేదు. అడిగితే నాన్న "టీవీవాళ్ళు అడ్వర్టయిజ్‌మెంట్ల కోసం కోసేస్తారే. హాల్లో చూస్తేనే పూర్తి సినిమా" అనేవాడు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. టీవీవాళ్ళు కోస్తారన్నది నిజమే కదా!

నవమి నాటి ఫస్ట్ షో

2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369'ని 4కే ప్రింటుతో మళ్ళీ విడుదల చేశారు. ఆ ఆదివారం శ్రీరామనవమి. ప్రొద్దున్న పానకం, వడపప్పు. సాయంత్రం ఊళ్ళో ఒక మల్టీప్లెక్సులో అయిదు టిక్కెట్లు - అమ్మ, నాన్న, అక్క, అక్క కూతురు, నేను. బావకి డ్యూటీ. మేనకోడలికి పదేళ్ళు. 'మీ అమ్మ కంటే పాత హీరో సినిమా నాకెందుకు' అని దాని గొడవ. పాప్‌కార్న్ కొనిస్తానని చెప్పి తీసుకెళ్ళాను. ఆ పాప్‌కార్న్ ధరకి 1991లో మా వీధి వాళ్ళందరూ బాల్కనీలో కూర్చునేవారని నాన్న లెక్క కట్టాడు.

అన్నట్టు, మన ఊరి హాళ్ళ సంగతి ఒక్క ముక్క. 1970లో కట్టిన జగదాంబ పేరు ఆ సెంటరుకే పేరయి కూర్చుంది. సూర్యాబాగ్ లో చిత్రాలయ వుండేది. ఆ చోట మాల్ లేచింది, దానిలో తెరలు లేచాయి. ఎక్కడ ఏ హాలుండేదో నాన్నని అడిగితే బస్టాపులు చెప్పినట్టు చెబుతాడు.

సరే, దీపాలారాయి. టైటిల్స్ పడుతున్నాయి. నాన్నకి డెబ్భై దాటాయి, చెవి కాస్త మందగించింది. అందుకని తెరమీద అక్షరాలు మాత్రం ఒక్కటీ వదలడు. పేరు పడ్డప్పుడల్లా చిన్నగా అంటున్నాడు: "ఈయనా పోయాడు..." సమర్పకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో పోయారు. మాటలు రాసిన జంధ్యాల 2001లో. పాటలు రాసినవారిలో వేటూరి 2010లో, సిరివెన్నెల 2021లో. అమ్రీష్ పురి, సిల్క్ స్మిత, సుత్తివేలు, చంద్రమోహన్... అందరూ తెరమీద నిక్షేపంలా వున్నారు. "తాతయ్యా, ఇది దెయ్యాల సినిమానా?" అంది మేనకోడలు. అక్క దాని నోరు మూసింది.

కథ తెలియని కుర్రకారు కోసం క్లుప్తంగా. టిన్ను ఆనంద్ వేసిన ప్రొఫెసర్ రామదాసు కాలంలో ప్రయాణం చేసే యంత్రం తయారుచేస్తాడు. అమ్రీష్ పురి వేసిన రాజావర్మ పురాతన వస్తువులు దొంగిలించే పెద్దమనిషి. 'మిస్టర్ ఇండియా'లో మొగాంబోగా, 'జగదేక వీరుడు అతిలోక సుందరి'లో మంత్రగాడుగా బెదరగొట్టిన మనిషి ఇక్కడ సూటు వేసుకుని బెదరగొడతాడు. మ్యూజియంలో వున్న రాయలవారి కాలపు వజ్రాన్ని ఇతని మనుషులు కొట్టేస్తుంటే ఓ చిన్న కుర్రాడు చూస్తాడు. ఆ కుర్రాడు తరుణ్. తర్వాత 2000లో 'నువ్వే కావాలి'తో కథానాయకుడయ్యాడే, ఆ తరుణే! చివరికి బాలకృష్ణ, మోహిని, వాళ్ళతోబాటు అనుకోకుండా కానిస్టేబుల్ సుత్తివేలూ యంత్రంలో పడి 1526లోని విజయనగరానికీ, అక్కణ్ణించి 2504కీ పోతారు. బాలకృష్ణది ద్విపాత్రాభినయం. ఇటు కృష్ణకుమారూ ఆయనే, అటు శ్రీకృష్ణదేవరాయలూ ఆయనే.

యంత్రం దీపాలు వెలిగాయి. అమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడే నువ్వేడిచావు" అంది. ఆ హాలు చీకట్లో కూడా నాకు సిగ్గేసింది. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి!

గతం మెరిసింది, భవిష్యత్తు వెలిసింది

విజయనగరం వచ్చింది. నిజం చెప్పొద్దూ, మేనకోడలు పాప్‌కార్న్ నమలడం మానేసింది. సభ, వజ్రం, సిల్క్ స్మిత వేసిన రాజనర్తకి, చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడు... ఒక్క ఫ్రేము కూడా పాతపడలేదు. కానీ 2504 మొదలవగానే అది కిసుక్కున నవ్వింది. "మావయ్యా, ఇదేంటి? కంప్యూటర్ మన పాత వాషింగ్ మెషీన్‌లా వుంది!" అంది. నాకు కోపమొచ్చింది గానీ, తిరిగి చెప్పడానికి జవాబు దొరకలేదు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ముందుకి పోయిన సగమే పాతబడి, వెనక్కి పోయిన సగం కొత్తగా వుండడమేమిటి? నాకు తోచింది ఇది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డిగారి దగ్గర 'మాయాబజార్'కి సహాయ దర్శకుడిగా పనిచేసిన మనిషి. రాజసభ, కోట, కిరీటం, ఉత్తరీయం - ఇవి మన తెలుగు చిత్రసీమకి తాతల నాటి నుంచీ చేతిలో వున్న విద్య. మన వడ్రంగులకీ, దర్జీలకీ, మేకప్ వాళ్ళకీ కళ్ళు మూసుకున్నా వచ్చు. భవిష్యత్తుకి అలాంటి పాఠశాల మనకెక్కడుంది? అయిదొందల ఏళ్ళ తర్వాతి గోడ ఎలా వుంటుందో చెప్పే మేస్త్రి దొరకడు. కళాదర్శకుడు పేకేటి రంగా అన్నీ ఊహించి కట్టించాల్సిందే. కంప్యూటరు బొమ్మల సాయం మనవాళ్ళకి ఇంకా అందలేదు. సరిగ్గా అదే జూలైలో అమెరికాలో 'టెర్మినేటర్ 2' వచ్చింది, కంప్యూటర్ గ్రాఫిక్స్ తో పాదరసంలా కరిగే మనిషిని చూపించింది. మనకి ఆ డబ్బూ లేదు, ఆ యంత్రాలూ లేవు. ఆ మాటకొస్తే మన దేశంలో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టిన మన్మోహన్ సింగ్ బడ్జెట్ వచ్చింది కూడా ఆ నెల 24నే, సినిమా విడుదలైన ఆరు రోజులకి! మామూలు ఇంట్లో ఫోను పెట్టించుకోవడానికే ఏళ్ళు పట్టే రోజుల్లో 2504ని ఊహించారు. మేనకోడలు నవ్వితే నవ్వనీండి.

ఇంకో విశేషం. ఈ చిత్రానికి ఛాయాగ్రాహకులు ముగ్గురు. పి.సి. శ్రీరామ్ మొదలుపెట్టి అనారోగ్యంతో తప్పుకుంటే, రాయల కాలం వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తు కబీర్‌లాల్ తీశారు. మూడు కాలాలకి మూడు కళ్ళు పడ్డాయి. అనుకుని చేసింది కాకపోయినా అది చిత్రానికి మేలే చేసింది. ఒక్కో కాలం వెలుగు ఒక్కోలా వుంటుంది. ఈసారి చూసేటప్పుడు గమనించండి.

సింగీతంగారు కాలేజీ రోజుల్లో హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' చదివారట. ఆ కోరిక మనసులో పెట్టుకుని, మాటల్లేని 'పుష్పక విమానం' (1987), పొట్టి కమల్‌హాసన్ వున్న 'విచిత్ర సోదరులు' (1989) తీసి, అప్పుడు ఇక్కడికొచ్చారు. విమానంలో బాలుగారికి ఈ కథ చెబితే, బాలుగారే నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ దగ్గరికి పంపారు. 2024లో 'కల్కి 2898 ఏ.డి.' వచ్చినప్పుడు దానికి సలహాదారుగా సింగీతంగారి పేరు చూశారు గదా? అప్పటికి ఆయనకి తొంభై రెండేళ్ళు! భవిష్యత్తు ఎలా వుంటుందో అడగడానికి నాగ్ అశ్విన్ ఆయన దగ్గరికి పోవడం నాకు చాలా బాగా నచ్చింది.

డాల్ఫిన్స్ నోస్ ఏదీ?

మళ్ళీ హాల్లోకి వద్దాం. 2504 నడుస్తోంది. మూడో ప్రపంచయుద్ధం తర్వాత మనుషులు భూమి అడుగున బతుకుతున్నారు. అమ్మ కుర్చీ అంచుకి జరిగింది. అయిదు నిమిషాలయింది. పది నిమిషాలయింది.

"ఏవండీ, మన ఊరేదీ?" అంది నాన్న మంచి చెవిలో.

"వుండు, వస్తుంది."

ఇంకాసేపటికి: "డాల్ఫిన్స్ నోస్ ఏదండీ?"

నాన్న మాట్లాడలేదు. వినపడనట్టు కూర్చున్నాడు. చెవి సంగతి తెలుసు గదా, ఆ సౌకర్యం ఆయనకుంది. కథ 1991కి తిరిగొచ్చింది. శుభం పడింది. దీపాలు వెలిగాయి. గాజువాకలో ఓడలు లేవు. సైరను లేదు. గేటు పాసు లేదు. అమ్మ లేవలేదు. "ఇది కూడా కోసేశారా?" అని నన్నడిగింది. నేను నాన్న వైపు చూశాను. నాన్న తెర వైపు చూస్తున్నాడు. తెరమీద ఏమీ లేదు.

బయట లాబీలో, ఐస్‌క్రీం కొట్టు పక్కన, నిజం బయటపడింది. సి-షిఫ్టు దిగి రెండు గంటలే పడుకున్న మనిషి. రాయలవారి సభ వరకూ బలవంతాన కళ్ళు తెరిచి వున్నాడు. ఆ తర్వాత ఏసీ చల్లదనమో ఏమో, గుర్రు. శుభానికి జనం లేస్తుంటే మెలకువ వచ్చింది. బయటికొస్తే అమ్మ "ఏటయింది తర్వాత?" అంది. ఏం చెబుతాడు? 2504 అన్న అంకె ఒక్కటి పక్క సీటువాళ్ళ మాటల్లో చెవిన పడింది. మిగతాదంతా స్కూటరు మీద, గాజువాక నుంచి ఉక్కునగరం గేటు వరకూ, ఆయన స్వంత కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం!

అక్క, నేను, మేనకోడలు పడిపడి నవ్వాం. అమ్మ నవ్వలేదు.

"నేను బయట పిల్లాడ్ని ఎత్తుకుని తిరుగుతుంటే, మీరు లోపల నిద్రపోయారా?"

"అలిసిపోయానే..."

"నిద్రొస్తే పిల్లాడ్ని మీరు పుచ్చుకుని బయట పడుకోవచ్చు. నేను లోపల కూర్చునేదాన్ని. ఎనిమిది నెలలకి ఒక్క సినిమా అండీ."

ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నవ్వుకున్నందుకు నాకే ఏదోలా అనిపించింది. ఎందుకంటే, ఆ కథ గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వరండా గురించి మాత్రం అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మేమెప్పుడూ అడగలేదు. మూడు రోజులు అమ్మ నాన్నతో "భోజనానికి రండి" తప్ప ఇంకో మాట అనలేదు. నాన్న బాల్కనీలో కూర్చుని పేపరు రెండుసార్లు చదివాడు.

మూడు రాత్రులు, మూడు భాగాలు

రాజీ కుదర్చడానికి మేనకోడలు పథకం వేసింది. బళ్ళో దాని స్నేహితురాలు చెప్పిందట, ఇంగ్లీషులో ఇలాంటిదే, పైగా మూడు భాగాలుందని. 'బ్యాక్ టు ది ఫ్యూచర్'. రాబర్ట్ జెమెకిస్ తీసిన ఆ చిత్రాలు 1985, 1989, 1990ల్లో వచ్చాయి. మనకి రెండో భాగం 'ఆదిత్య 999' అని బాలకృష్ణ ఎన్నోసార్లు చెప్పారు గానీ, మా ఇంట్లో రాజీకి అంతవరకూ ఆగే వ్యవధి లేదు. ఒంటిపూట బడులు గనక రోజుకొక భాగం చొప్పున మూడు రాత్రులు చూశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే నాన్నకి చెవితో పనిలేదు, హుషారుగా కూర్చున్నాడు. అమ్మకి నేను తెలుగులో చెబుతూ పోయాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. మీ నాన్నలా కల్పించకు" అని ముందే హెచ్చరిక. నాన్న పక్కనే అమ్మ కూర్చుంది. ప్రేమతో కాదు, కునుకు తీస్తే పొడవడానికి.

మొదటి భాగంలో మార్టీ అనే కుర్రాడు డెలోరియన్ కారెక్కి 1955కి పోతాడు. అక్కడ వాళ్ళమ్మా నాన్నా తన వయసులోనే వుంటారు. వీడు మధ్యలో దూరడంతో వాళ్ళిద్దరూ కలవకుండా పోయే ప్రమాదం వస్తుంది. కలవకపోతే వీడు పుట్టడు! జేబులోని ఫోటోలో అన్నా అక్కా ఒక్కొక్కరే చెరిగిపోతుంటారు. ఈ ఫోటో ముక్క అమ్మకి నా వివరణ అవసరం లేకుండానే అర్థమయింది. "అయ్యో, అయ్యో" అంటూనే వుంది.

ఈ చిత్రం వెనక కథలు కూడా తక్కువవి కావు. మొదట్లో టైమ్ మెషీన్ ఒక ఫ్రిజ్ అనుకున్నారట. చూసిన పిల్లలు ఇంట్లో ఫ్రిజ్‌లో దూరి తలుపేసుకుంటారేమోనని భయపడి కారుకి మార్చారు. మార్టీ వేషానికి ఎరిక్ స్టోల్జ్ తో కొన్ని వారాలు షూటింగ్ చేసి, నవ్వు పండడం లేదని తీసేసి, మైకేల్ జె. ఫాక్స్ ని పెట్టారు. హాస్యం పండకపోతే ఎంత గొప్ప యంత్రమైనా దండగే అన్నది వాళ్ళు తెలుసుకున్నారు. సింగీతంగారికది ముందే తెలుసు, అందుకే యంత్రంలోకి సుత్తివేలుని ఎక్కించారు! వీరుడు ఏ కాలానికి పోయినా వీరుడే. పాపం ఆ కానిస్టేబుల్ బిక్కమొహం వల్లే గదా, అది మనూరి మనిషి రాయలవారి కాలానికి పోయినట్టనిపించింది.

రెండో భాగంలో వాళ్ళు 2015 అక్టోబరు 21కి పోతారు. ఎగిరే కార్లు, గాల్లో తేలే స్కేట్‌బోర్డులు, ఇంటినిండా ఫ్యాక్సు యంత్రాలు! మేనకోడలు మళ్ళీ కిసుక్కున నవ్వి "ఫ్యాక్సంటే ఏంటి?" అంది. అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. హాలీవుడ్ వాళ్ళ భవిష్యత్తూ వెలిసిపోయింది! ముప్పయ్యేళ్ళ దూరమే వాళ్ళు తప్పితే, అయిదొందల ఏళ్ళ దూరం మనవాళ్ళు తప్పడంలో వింతేముంది? మూడో భాగం 1885 కౌబాయ్ కాలం. అది చక్కగా మెరుస్తోంది. గుర్రాలు, రైలు, దుమ్ము - అవి వాళ్ళకి తాతల నాటి విద్య మరి!

మూడో రాత్రి, సినిమా అయిపోయాక, మేనకోడలు అడిగింది: "మావయ్యా, నీకు ఆ కారు దొరికితే ఎక్కడికి పోతావు?"

"1991, గాజువాక. ఆ హాలు వరండాలోకి పోయి, ఆ పిల్లాడ్ని నేను ఎత్తుకుని, అమ్మమ్మని లోపలికి పంపిస్తాను."

"మరప్పుడు అమ్మమ్మకి సినిమా తెలిసిపోతుంది. తాతయ్య కథ చెప్పడు. గాజువాకలో ఓడలుండవు!"

పదేళ్ళ పిల్ల, టైమ్ మెషీన్ లోని చిక్కు ఒక్క ముక్కలో పట్టేసింది. అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ కాసేపు ఆలోచించింది.

"ఓడలుండనీండి" అంది. "పిల్లాడ్ని మాత్రం ఆయన్నే ఎత్తుకోమను. ఎత్తుకునే చెప్పమను ఆ కథేదో."

నాన్న అక్షరాల్లేని తెర వైపు చూస్తున్నాడు. వినపడిందో లేదో తెలీదు. మర్నాడు పొద్దున్న మాత్రం కాఫీ ఆయన కలిపాడు. పంచదార ఎక్కువయింది. అమ్మ తాగింది.

ఒక్క ముక్క నిజం

ఇక మిగిలింది రాయలవారి వజ్రం. "అది కూడా అబద్ధమేనా?" అని అమ్మ అడిగింది. సినిమాలో సింహాచలం లేదు. కానీ చిత్రమేమిటంటే, చరిత్రలో వుంది! శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ప్రతాపరుద్ర గజపతిని ఓడిస్తూ 1516లో ఇక్కడిదాకా వచ్చాడు. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. సింహాద్రి నాథుణ్ణి దర్శించి నగలు సమర్పించాడు. ఆ సంగతి ఆలయంలో శాసనంగా చెక్కించారు. సినిమాలో యంత్రం 1526లో దిగింది గదా, పదేళ్ళు ముందు దిగివుంటే, సరిగ్గా గురి చూసుకుంటే, మన కానిస్టేబుల్ సింహాచలం మెట్ల మీదే పడేవాడన్నమాట. నిద్రమత్తులో నాన్న చెప్పింది పూర్తిగా గాలి కాదు.

తర్వాతి శనివారం అందరం కొండెక్కాం. దర్శనమయ్యాక, రాతి మీద పాత అక్షరాల ముందు నాన్న చాలాసేపు నిలబడ్డాడు. మాకెవరికీ చదవడం రాదు. అయినా ఆయన వేలుపెట్టి చూపిస్తూ, ఇక్కడ రాయలవారు ఏనుగు దిగారు, ఇక్కడ రాణులు నిలబడ్డారు, ఇదిగో ఇక్కడ నగల పెట్టె తెరిచారు అని మేనకోడలికి మొదలుపెట్టాడు. అది నోరు తెరుచుకుని వింటోంది.

అమ్మ నా చేతిలోంచి ప్రసాదం పొట్లం తీసుకుని, నెమ్మదిగా వెళ్ళి నాన్న పక్కన నిలబడింది.

"ఇది మెలకువలో చెబుతున్నారా?" అంది.